ఎక్కని చెట్టు, దాటని యేఱు: త్రికోణమితి తొలిపాఠము



నేటి నా ప్రసంగమునకు విషయము త్రికోణమితి. ఈ పేరు వినగానే ఇది పాఠశాలలోని పిల్లలకును, ఇంజనీర్లకును సంబంధించిన సంగతి యనియు, పొలముగట్టుమీద నిలుచువారికి దీనితో పనిలేదనియు మీలో కొందఱు తలపవచ్చును. అట్లు తలచుటవలన ఎంత నష్టము రాగలదో మొదట ఒక లెక్క చెప్పి, పిదప శాస్త్రములోనికి వత్తును.

ఒక పెద్దమనిషి పొలము కొనుచున్నాడనుకొందము. నాలుగు గట్లను గొలుసుపట్టి కొలిపించినాడు. ప్రతి గట్టును సరిగా 100 గజములు వచ్చినది. నూఱును నూఱుచే గుణింపగా 10,000 చదరపు గజములు. ఎకరమునకు 4,840 చదరపు గజములు గనుక రెండెకరముల ఆఱున్నర సెంట్లు తేలినది. ఆ లెక్కకే సొమ్ము చెల్లించినాడు. గొలుసులో దోషము లేదు, గుణకారములో దోషము లేదు, అమ్మినవాడు అబద్ధమాడలేదు. అయినను కొన్నవానికి భూమి తక్కువ వచ్చినది. ఏల? ఆ పొలము మూలలు మూలమట్టమునకు సరిపడునవి కావు. ఒక మూల ఇఱుకు, దాని ప్రక్కమూల వెడల్పు. గట్లను కొలిచినవారు మూలలను చూడలేదు.

కీళ్లు వదలిన నులకమంచమును మీరు చూచియుందురు. పట్టెల పొడవు మాఱదు. కాని మంచము ఒక ప్రక్కకు ఒరిగినకొలది నడిమి చోటు తగ్గిపోవును. మఱింత ఒరిగినచో నాలుగు పట్టెలును ఒకదానికొకటి ఆనుకొని చోటే లేకుండబోవును. పొలమును అంతియే. ఎదురెదురు భుజముల సగటులను గుణించి వైశాల్యము చెప్పు పద్ధతిని బ్రహ్మగుప్తుడు తన బ్రహ్మస్ఫుటసిద్ధాంతములో, అనగా 628వ సంవత్సరముననే, స్థూలఫలమని పేర్కొనెను. అది మోటు లెక్కయే గాని సూక్ష్మమైనది గాదని ఆయన భావము. పొడవు ఒక్కటే చాలదు, కోణము కూడ తెలియవలెను. పొడవునకును కోణమునకును గల సంబంధమును చెప్పు శాస్త్రమే త్రికోణమితి. పైని చెప్పిన పొలములో ఎంత భూమి తగ్గినదో ఈ ప్రసంగము ముగియులోపల మీరే లెక్కకట్టగలరు.

రేడియోలో బొమ్మ గీచి చూపుటకు వీలు లేదు. కావున ఎదుట నేలపై పుల్లతోనో, పలకపై బలపముతోనో గీచికొనుచు వినవలసినదిగా కోరుచున్నాను.

తాడిచెట్టు ఎక్కువానిని ఎంతవఱకు ఎగద్రోయగలమని సామెత. ఎవరిని ఎగద్రోయకుండ, ఎవరును ఎక్కకుండ ఆ తాడి ఎత్తు తెలిసికొను ఉపాయమొకటి కలదు. ఎండగానున్న వేళ చదునైన నేలపై నాలుగడుగుల చేతికఱ్ఱను నిట్టనిలువుగా నిలుపుడు. దాని నీడను కొలువుడు. మూడడుగులు వచ్చినదనుకొందము. ఆలస్యము చేయక అదే సమయమున తాడిచెట్టు నీడను మొదటినుండి కొనవఱకు కొలువుడు. అది 45 అడుగులు వచ్చినదనుకొందము. మూడడుగుల నీడకు నాలుగడుగుల కఱ్ఱ. 45 అడుగుల నీడలో మూడడుగులు పదునైదు మాఱులున్నవి. కావున పదునైదు నాలుగులు 60. తాడి ఎత్తు 60 అడుగులు.

ఇందలి మర్మమేమి? సూర్యుడు అత్యంత దూరమున నుండుటచేత ఆయన కిరణములు కఱ్ఱమీదను చెట్టుమీదను ఒకే వాలున పడుచున్నవి. కఱ్ఱయు, దాని నీడయు, కొననుండి నీడ కొనకు దిగు ఎండగీతయు కలిసి ఒక చిన్న త్రిభుజము. చెట్టును, దాని నీడయు, ఎండగీతయు కలిసి ఒక పెద్ద త్రిభుజము. రెంటియందును ఒక మూల నిలువు నేలను తాకుచోట నుండు లంబకోణము. రెండవ మూల ఎండ వాలు, రెంటికిని సమానమే. అందుచే మూడవ మూలయు సమానమగును. పిల్లవాడును తండ్రియు ఒకే పోలిక ముఖము గలవారైనట్లు, ఈ రెండు త్రిభుజములును పరిమాణమున వేఱు, ఆకారమున ఒకటి. ఆకారము ఒకటైనప్పుడు భుజముల పాళ్లును ఒకటే. త్రికోణమితి యంతయు ఈ ఒక్క మాటమీద నిలిచియున్నది: కోణము మాఱనిచో పాళ్లు మాఱవు.

ఇక కోణమును కొలుచు విధము. పండ్రెండు ఆకులు గల బండిచక్రమును తలచుకొనుడు. చక్రము చుట్టును 360 అంశలుగా పెద్దలు విభజించిరి. పండ్రెండు ఆకులుండుటచేత ఆకునకు ఆకునకు నడుమ 30 అంశలు. మూడు ఎడములు కలిసిన 90 అంశలు. అదియే లంబకోణము, తాపీపనివాని మూలమట్టము. అందులో సగము 45 అంశలు. ఈ 30, 45, 60 అంశల కోణములను మీరు చక్కగా గుర్తించినచో ఈనాటి పాఠమునకు చాలును.

మొదట 45 అంశలు. చతురస్రమైన కాగితమును మూలనుండి మూలకు మడువుడు. ఒక లంబకోణమును, రెండు 45 అంశల కోణములును గల త్రిభుజము చేతికి వచ్చును. దాని పొట్టి అంచులు రెండును సమానము. ఈ కాగితమును ఒక పొట్టి అంచు నేలకు సమాంతరముగను, రెండవది నిట్టనిలువుగను నుండునట్లు కంటియెదుట పట్టుకొనుడు. నిలువు సరిగా నున్నదో లేదో చూచుటకు దారమునకు చిన్నరాయి కట్టి వ్రేలాడదీసిన చాలును. ఇప్పుడు వాలు అంచు వెంబడి చూచుచు, చెట్టు కొన ఆ చూపునకు సరిగా తగులువఱకు ముందునకో వెనుకకో నడువుడు. తగిలినచోట నిలిచి, చెట్టు మొదటివఱకు గల దూరమును కొలువుడు. 50 అడుగులు వచ్చినచో, దానికి మీ కంటి ఎత్తు ఐదడుగులు చేర్చుడు. చెట్టు 55 అడుగులు. ఇందుకు ఎండతో పనిలేదు, మబ్బు పట్టినను లెక్క ఆగదు.

ఈ కాగితమే ఏటి వెడల్పును చెప్పగలదు. ఆవలిగట్టున నీటి అంచునగల ఒక చెట్టునకు సరిగా ఎదురుగా ఈవలిగట్టున నిలిచి, అచ్చట ఒక మేకు దిగవేయుడు. పిదప గట్టువెంట తిన్నగా నడచుచు, కాగితమును ఈమాఱు నేలకు సమముగా పట్టి, ఒక పొట్టి అంచును మేకువైపు త్రిప్పి, వాలు అంచు వెంబడి ఆ చెట్టు కనబడువఱకు పొండు. మీరు నడచిన దూరమెంతో ఏటి వెడల్పు అంత. పడవ లేదు, ఈత లేదు, కాలు తడియలేదు.

అయితే ప్రతిచోటను 45 అంశలే దొరకవు గదా. 30, 60 అంశలకు పాళ్లెట్లు తెలియును? మూడు భుజములును రెండేసి గజములు గల త్రిభుజమును నేలపై గీయుడు. మూడు మూలలును 60 అంశలే. దానిని కొనమూలనుండి నిట్టనిలువుగా రెండు సమభాగములు చేయుడు. ఒక సగమును చూడుడు: వాలుభుజము రెండు గజములు, నేలభుజము ఒక గజము, నిలువుభుజము 1.732 గజములు. దిగువమూల 60 అంశలు, పైమూల 30 అంశలు. ఇట్లు ఒక ముగ్గువంటి గీతనుండి రెండు కోణముల పాళ్లు ఒక్కమాఱే లభించినవి.

ఈ పాళ్లకే పాఠ్యపుస్తకములలో పేర్లున్నవి. లంబకోణమునకు ఎదుటి వాలుభుజము కర్ణము. మనము చూచు కోణమునకు ఎదుటనున్నది ఎదుటి భుజము, ప్రక్కనున్నది ఆసన్నభుజము. ఎదుటిదానిని ఆసన్నముచే భాగించినచో వచ్చునది టాంజెంటు. ఎదుటిదానిని కర్ణముచే భాగించినచో వచ్చునది సైను. ఆసన్నమును కర్ణముచే భాగించినచో వచ్చునది కొసైను. ఇంతకుమించి ఈ పేర్లలో రహస్యము లేదు. టాంజెంటు 30 అంశలకు 0.577, 45 అంశలకు 1, 60 అంశలకు 1.732. సైను 30 అంశలకు సరిగా అర, 45 అంశలకు 0.707, 60 అంశలకు 0.866.

పది అడుగుల నిచ్చెనను గోడకు చేరవేసినారనుకొనుడు. నేలతో అది 60 అంశల కోణము చేయుచున్నచో, దాని కొన గోడపై 8.66 అడుగుల ఎత్తున ఆనును. అది సైను చెప్పినమాట. నిచ్చెన అడుగు గోడకు ఐదడుగుల దూరమున నుండును. అది కొసైను చెప్పినమాట. నిచ్చెన వేయు ప్రతివాడును ఈ రెంటిని పేరెఱుగకయే వాడుచున్నాడు.

సైను అను మాట పరాయిదిగా వినబడును గాని దాని పుట్టుక మన దేశముదే. వృత్తములోని ఒక ముక్క విల్లువలె నుండును గనుక మన గణితజ్ఞులు దానిని చాపమనిరి; దాని రెండు కొనలను కలుపు గీతను వింటినారి పేరిట జ్యా యనియు, జీవ యనియు అనిరి. లెక్కలకు ఆ నారిలో సగమే ముఖ్యమైనది. ఆర్యభటుడు 499వ సంవత్సరమునకు చెందిన తన ఆర్యభటీయములో, లంబకోణమును ఇరువదినాలుగు సమభాగములు చేసి, ఒక్కొక్క భాగమునకు ఈ అర్ధజ్యలు ఎంతెంత పెరుగునో ఒక్క శ్లోకములో ఇమిడ్చెను. వ్యాసార్ధము 3,438 అనుకొన్నచో 30 అంశల జ్య 1,719. సరిగా సగము, ఇప్పుడు మనము చెప్పుకొన్న అరయే. ఈ విద్య అరబ్బులకు చేరినప్పుడు జీవ జీబ యైనది. వారి వ్రాతలో అచ్చులు గుర్తింపబడకుండుటచేత పిమ్మటివారు దానిని జైబ్ అని చదివిరి. ఆ మాటకు వారి భాషలో వస్త్రపు మడత, రొమ్ముచోటు అని అర్థము. పండ్రెండవ శతాబ్దిలో దానిని లాటినులోనికి మార్చినవారు ఆ అర్థముగల సైనస్ అను మాటను వాడిరి. అదియే నేటి సైను. మీ చొక్కాకున్న జేబు అను మాటయు ఆ అరబ్బీ జైబ్ నుండియే పారసీ, ఉర్దూల మీదుగా తెలుగునకు వచ్చినది. కావున సైను మనకు చుట్టమే. దూరదేశములు తిరిగి, వేషము మార్చి యింటికి వచ్చిన చుట్టము.

ఇప్పుడు మొదటి పొలమునకు పోదము. దాని ఇఱుకుమూల 60 అంశలనుకొనుడు. ఒక గట్టునుండి ఎదుటి గట్టునకు అడ్డదూరము 100 గజములు కాదు. ప్రక్కగట్టు నిచ్చెనవలె వాలియున్నది. కావున ఆ దూరము 100 గజములను 60 అంశల సైనుచే గుణింపగా వచ్చు 86.6 గజములే. పొలము వైశాల్యము 8,660 చదరపు గజములు. పదివేలకును దీనికిని భేదము 1,340 చదరపు గజములు. అనగా ఇరువదియేడున్నర సెంట్లకు పైగా, గుంటల లెక్కన పదునొకండు గుంటలకు పైచిలుకు. ఈ నాటి ధరకు దానిని మీరే సొమ్ములోనికి మార్చుకొనుడు. కోణమును చూడని దోషమునకు ఖరీదు అది.

కోణమును కొలుచు పరికరము లేకున్నను భయము లేదు. మూలనుండి ఎదుటిమూలకు కఱ్ణరేఖను, అనగా ఐమూలగా కూడ గొలుసు పట్టుడు. ఎదురెదురు గట్లు సమానమై, రెండు ఐమూల కొలతలును సమానమైనచో మూలలు సరియైనవి. నూఱేసి గజముల చక్కని చదరమునకు రెండు ఐమూలలును 141 గజముల చొప్పున వచ్చును. పైని చెప్పిన ఒరిగిన పొలమునకు ఒకటి 100, రెండవది 173 వచ్చును. ఒక్క ఐమూల కొలిచినను పొలము రెండు త్రిభుజములై పోవును. త్రిభుజమునకు మూడు భుజములును తెలిసినచో అది మంచమువలె ఒరుగనేరదు. సర్వేవారి ఎఫ్.ఎం.బి. పటములో పొలము నడుమ గీతలు గీయబడియుండుటకు కారణమిదియే.

మొదలు చేరరాని కొండ సంగతి యొకటి చెప్పి ముందునకు పోదును. ఒకచోట నిలిచి చూడగా కొండకొన 60 అంశల ఎత్తున కనబడినది. తిన్నగా 200 అడుగులు వెనుకకు నడచి చూడగా 30 అంశల ఎత్తున కనబడినది. గీచి చూడుడు. మీరు నిలిచిన రెండుచోట్లును, కొండకొనయు కలిసిన త్రిభుజములో రెండు మూలలు ముప్పదేసి అంశలగును. కావున రెండు భుజములు సమానము. అనగా దగ్గఱి చోటినుండి కొండకొనకు వాలుదూరము మీరు నడచిన 200 అడుగులే. దానిని 60 అంశల సైనుచే గుణించినచో 173 అడుగులు. కంటి ఎత్తు చేర్చినచో కొండ ఎత్తు 178 అడుగులు. కొండ మొదటికి పోలేదు, కొనకు పోలేదు. నేలపై ఒక గీతను మాత్రము కొలిచితిమి.

నేలపై కొలిచిన అట్టి గీతకే ఆధారరేఖ యని పేరు. 1802 ఏప్రిల్ 10వ తేదీన విలియము లాంబ్టను మద్రాసు సమీపమున సెయింటు థామసు కొండయొద్ద ఏడున్నర మైళ్ల ఆధారరేఖను ఉక్కుగొలుసుతో కొలువ నారంభించెను. ఆ ఒక్క గీతను కొలుచుటకు రమారమి రెండు నెలలు పట్టెను. పిదప దాని రెండు కొనలనుండి దూరముననున్న కొండను చూచి కోణములు గుర్తింపగా ఒక త్రిభుజమును, ఆ త్రిభుజపు భుజమే ఆధారముగా మఱియొక త్రిభుజమును, ఇట్లు వలలోని కన్నులవలె త్రిభుజములు దేశమంతట అల్లబడెను. లెక్కలో తప్పు చొరబడినదేమో చూచుటకు 1815లో బీదరునొద్ద మఱియొక ఆధారరేఖను గొలుసుతో కొలిచి సరిచూచిరి. కోణములు చూచు యంత్రము అరటన్ను బరువు. దానిని కొండలమీదికిని గోపురములమీదికిని మోసినవారు మన దేశపు కూలివారును ఖలాసీలును. 1818లో హైదరాబాదున లాంబ్టనుతో చేరిన జార్జి ఎవరెస్టు మఱుసటియేట కృష్ణా గోదావరుల నడిమి అడవులలో కొలతలు సాగించుచు తనవారితోసహా విషజ్వరమున పడెను. అందు కొందఱు మరణించిరి. ఆ పటముల వెనుక ఇట్టి ప్రాణములు కూడ కలవు.

ఆ త్రిభుజముల వల తుదకు హిమాలయములను చేరెను. నేపాళములో అడుగుపెట్టుటకు సర్వేవారికి అనుమతి లేదు. కావున నూఱుమైళ్లకు పైబడిన దూరమున మైదానములలో నిలిచి ఒక శిఖరమును చూచి కోణములు గ్రహించిరి. ఆ లెక్కలను కట్టినవారిలో ముఖ్యుడు వంగదేశీయుడైన రాధానాథ సిక్దారు. 1856లో ప్రకటింపబడిన ఎత్తు 29,002 అడుగులు. ఆ శిఖరమే ఎవరెస్టు. దానిపై మానవుడు కాలుపెట్టినది 1953లో. 2020లో నేపాళ చీనా దేశములు కలిసి ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు, అనగా సుమారు 29,032 అడుగులు. నూఱుమైళ్ల దూరమునుండి, గాలి చూపును వంచుచుండగా కట్టిన లెక్కకును నేటి లెక్కకును తేడా ముప్పదడుగులు మాత్రమే.

2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశమున ఆరంభమైన భూముల పునఃసర్వేలో డ్రోనులును, ఉపగ్రహ సంకేతములను గ్రహించు యంత్రములును వాడబడినవి. పరికరము మాఱినది, దాని కడుపులోని లెక్క జ్యామితిదే, త్రికోణమితిదే. అట్టి యంత్రముతో మీ గట్టుమీదికి వచ్చినవారు ఏమి చేయుచున్నారో అడిగి తెలిసికొనుటకు మీకు అధికారము కలదు. ఈపాటి పరిచయమున్నచో చెప్పినది అర్థము చేసికొను శక్తియు కలుగును.

కడపట ఒక విన్నపము. మన పాఠశాలలలో పదవ తరగతి గణితమున త్రికోణమితి పాఠముగా నున్నది. పిల్లలు సైను, కొసైను, టాంజెంటు అని ఎక్కముల వలె వల్లెవేయుదురు. అవి ఏ చెట్టునకు, ఏ నీడకు సంబంధించినవో కొందఱెఱుగరు. అర్థము కాని దానిని కంఠస్థము చేయలేక, తమకు లెక్కలు రావని తామే తీర్పు చెప్పుకొని గణితమును విడుచువారు కలరు. తోటలోనికి పోయి కఱ్ఱపాతిన ఒక్క ఉదయము ఆ తీర్పును మార్చగలదు. ఆ పని చేయుటకు ఉపాధ్యాయుడే కానక్కఱలేదు. మీకు పొలము తెలియును, నీడ తెలియును, గొలుసు తెలియును. పిల్లకు సూత్రము తెలియును. మనుమనిని గాని మనుమరాలిని గాని వెంటబెట్టుకొని, ఎండ ఏటవాలుగా నుండగా ఒక చేతికఱ్ఱతో తాడిచెట్టు దగ్గఱకు పొండు. నీడలను మీరు కొలువుడు. లెక్కను వారిని కట్టనిండు. తేలిన ఎత్తు సరియైనదో కాదో మీ ఊరి గీతకాడు చెప్పగలడు.